ప్రాజెక్టు సిబ్బందికి యజమాని ఎవరు?

‘పోస్టు పూర్తిగా తాత్కాలికం. ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది. క్రమబద్ధీకరణ కోరే హక్కు ఉండదు. ఇంటర్వ్యూకు వచ్చేవారికి టీఏ, డీఏ చెల్లించబడవు.’ గుంటూరు, విజయవాడల్లో ఎమ్మెస్సీ, ఎంటెక్, ఎంఫార్మసీ పూర్తిచేసి కొలువు వెతుక్కుంటున్న ఎవరినడిగినా ఈ నాలుగు ముక్కలూ ఒప్పజెబుతారు. నాగార్జున విశ్వవిద్యాలయం, లాంలోని ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, రెండు నగరాల్లోని ప్రభుత్వ వైద్య కళాశాలలు, అమరావతి చుట్టూ లేచిన ప్రైవేటు వర్సిటీలు... గట్టిగా గంట ప్రయాణంలో ఇన్ని పరిశోధనా కేంద్రాలున్న ప్రాంతం మనది. ఇలాంటి చోట కేంద్రం నుంచి గ్రాంటు మంజూరైనప్పుడల్లా ప్రాజెక్టు అసిస్టెంటో, అసోసియేటో, జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్‌)నో తీసుకోవాల్సి వస్తుంది. డబ్బు ఢిల్లీది, ఎంపిక ప్రొఫెసర్‌ది, నియామక పత్రం విశ్వవిద్యాలయానిది. మూడు నెలలు జీతం ఆగితే మాత్రం ముగ్గురూ పక్కవారిని చూపిస్తారు.

ఇది మన రాష్ట్రానికే పరిమితమైన జబ్బు కాదు. దేశంలో గ్రాంట్ల మీద నడిచే పరిశోధన అంతా ఇలాంటి నియామకాల మీదే నడుస్తోంది. ఆ మాట చెప్పి ఊరుకుంటే కుదరదు. ఎందుకంటే దీన్ని సరిచేయడానికి కావలసిన నిర్ణయాల్లో చాలావరకు ఢిల్లీలోనో సచివాలయంలోనో కాదు, ఆయా వర్సిటీల పాలక మండళ్ల చేతిలోనే ఉన్నాయి.

జీతం సంగతే చూద్దాం. ప్రాజెక్టుల్లో పనిచేసేవారి వేతనాలపై కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ 2020 జులైలో ఉత్తర్వులిచ్చింది. ప్రాజెక్టు అసిస్టెంటుకు నెలకు రూ.20,000, మొదటి స్థాయి ప్రాజెక్టు అసోసియేటుకు నెట్, గేట్ వంటి జాతీయ పరీక్షల అర్హత ఉంటే రూ.31,000, లేకపోతే రూ.25,000 అని, దానికి ఇంటి అద్దె భత్యం అదనమని అందులో ఉంది. తర్వాత 2023 జూన్‌లో జేఆర్‌ఎఫ్‌ భృతిని రూ.31,000 నుంచి రూ.37,000కు, సీనియర్ రీసెర్చ్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్‌) భృతిని రూ.35,000 నుంచి రూ.42,000కు పెంచి, ఆ ఏడాది జనవరి 1 నుంచే వర్తిస్తుందని ప్రకటించింది. అప్పటికే మంజూరై నడుస్తున్న ప్రాజెక్టులో సిబ్బంది పద్దు పాత లెక్కతో ఉంటుంది. తేడా మొత్తం కావాలంటే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ (పీఐ), అంటే ప్రాజెక్టు బాధ్యుడైన ప్రొఫెసర్, లేఖ రాయాలి, దాన్ని వర్సిటీ ఫైనాన్స్ విభాగం పైకి పంపాలి, పైనుంచి సవరణ మంజూరు రావాలి. ఒక్కచోట కాగితం ఆగినా దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెతే మిగులుతుంది. ఇంటి అద్దె భత్యానిదీ అదే దారి. విజయవాడ, గుంటూరు రెండూ కేంద్రం లెక్కలో ‘వై’ తరగతి నగరాలు కాబట్టి 20 శాతం రావాలి. రూ.25,000 జీతం మీద అది నెలకు రూ.5,000. బెంజి సర్కిల్ చుట్టుపక్కల గదికి అద్దె కట్టేవారికి అది చిన్న మొత్తమేమీ కాదు. ప్రతిపాదన రాసిన రోజున ఆ పద్దు వేయడం మరిచిపోతే, ప్రాజెక్టు ముగిసేదాకా ఆ సొమ్ము ఊసే ఉండదు.

నిధులు విడుదల చేసే పద్ధతి కూడా మారింది. గ్రాంటు సొమ్ము వర్సిటీల ఖాతాల్లో నెలల తరబడి ఊరికే పడి ఉండకూడదని ఖర్చయ్యేదాకా సొమ్ము ప్రభుత్వం దగ్గరే ఉండే ఖజానా ఖాతా విధానాన్ని కేంద్రం తెచ్చింది. ప్రజాధనం విషయంలో ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. అయితే మార్చి 31కి ఖర్చు కాని కేటాయింపు వెనక్కి పోతుంది, కొత్త ఏడాది కేటాయింపు వచ్చేదాకా చెల్లింపులు నిలిచిపోతాయి. ఏప్రిల్, మే, జూన్ జీతాలు జులైలోనో ఆగస్టులోనో కలిపి పడతాయి. రెగ్యులర్ ఉద్యోగికి ఒక్క రోజు జీతం ఆలస్యమైతే పరిపాలనా భవనం ముందు టెంటు వేస్తారు. ప్రాజెక్టు వాళ్లకు సంఘం లేదు. రేపు పొడిగింపు ఎవరి చేతిలో ఉందో వారినే నిలదీసే ధైర్యమూ ఉండదు.

దీనివల్ల పరిశోధనకు జరిగే నష్టం మన మిరప చేలల్లోనే కనిపిస్తుంది. 2021–22 సీజన్‌లో నల్ల తామర పురుగు మిరప రైతును చావుదెబ్బ తీసింది. ఆ పురుగు మీద అధ్యయనమంటే వారం వారం అవే మడుల్లోకి వెళ్లి, గుర్తు పెట్టుకున్న మొక్కల పూలను తెల్ల కాగితం మీద దులిపి, చీమ కన్నా చిన్నవైన పురుగులను లెక్కపెట్టి రాసుకోవాలి. ఆ పని చేసేది ప్రొఫెసర్ కాదు, ప్రాజెక్టు అసిస్టెంటు, అతని పక్కన ఒక కూలీ మనిషి. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటిన తోటకు కోతలు మార్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. మిరప చెట్టుకు ఆర్థిక సంవత్సరం తెలియదు. నియామక పత్రానికి మాత్రం తెలుసు. మార్చి 31న కాలం ముగిసి, పొడిగింపు మే నెలలో వస్తే చివరి కోతల దిగుబడి లెక్క ఎవరు తీయాలి? ఈలోగా ఆ కుర్రాడు హైదరాబాద్‌లో ఏ మందుల కంపెనీలోనో చేరిపోతాడు. కొత్తగా వచ్చినవారికి పురుగును పోల్చుకోవడం నేర్పేసరికి ఒక సీజన్ గడిచిపోతుంది. గ్రాంటు ఖర్చుకు లెక్క చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో ఈ నష్టం రాయడానికి గడి లేదు.

ఆరు నెలలకో పదకొండు నెలలకో పత్రం ఇవ్వడం, మధ్యలో ఒకటి రెండు రోజులు ‘బ్రేక్’ చూపడం ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘రేపు కోర్టుకెళ్లి పర్మినెంట్ చేయమంటారు’. ఈ భయానికి ఆధారం తక్కువ. కర్ణాటక ప్రభుత్వం, ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, నిర్ణీత ఎంపిక పద్ధతిలో కాకుండా తాత్కాలికంగా చేరినవారు ఎన్నాళ్లు కొనసాగినా ఆ కారణంగానే క్రమబద్ధీకరణ హక్కు రాదు. మూడేళ్ల ప్రాజెక్టుకు మూడేళ్ల పత్రం ఇచ్చినంత మాత్రాన విశ్వవిద్యాలయం మెడకు ఏమీ చుట్టుకోదు. ఇక 2024 డిసెంబరులో జగ్గో కేసులో అదే న్యాయస్థానం మరో సంగతి తేల్చింది. ఏటా ఉండే, సంస్థ నడవడానికి తప్పనిసరైన పనులను ఏళ్ల తరబడి తాత్కాలికుల చేత చేయించుకుంటూ ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకోవడం కుదరదంది. రెండూ కలిపి చదివితే వర్సిటీలకు దారి స్పష్టంగానే ఉంది. ప్రాజెక్టు మనిషి చేత ప్రాజెక్టు పనే చేయిస్తే భయపడాల్సింది లేదు. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయని డిగ్రీ పిల్లల ప్రాక్టికల్స్, ఇన్విజిలేషన్, విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే న్యాక్ ఫైళ్లు కూడా అతని నెత్తిన వేస్తే, మధ్యలో చూపిన ఒక్క రోజు బ్రేక్ రేపు కోర్టులో అక్కరకు రాదు.

ప్రసూతి సెలవు విషయంలో సాకులకు అసలే తావు లేదు. పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి 1961 నాటి చట్టం ఆ ప్రయోజనం ఇచ్చింది. 2017 సవరణతో అది 26 వారాలైంది. సెలవు మధ్యలో కాంట్రాక్టు కాలం ముగిసినా పూర్తి ప్రయోజనం దక్కాల్సిందేనని ఢిల్లీలోని ఒక ఆస్పత్రి వైద్యురాలు కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో స్పష్టం చేసింది. అయినా ఇంటర్వ్యూలో ‘పెళ్లయిందా? ఎక్కడుంటారు? కొనసాగుతారా?’ అనే ప్రశ్నలు ఆగలేదు. ఆ ప్రశ్న అడిగిన కమిటీ సభ్యుడికి మెమో ఇచ్చే రోజు రావాలి. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం కూడా తాత్కాలిక, కాంట్రాక్టు సిబ్బందికి వర్తిస్తుంది. ఒకే మనిషి చేతిలో ఎంపిక, హాజరు, పొడిగింపు, అనుభవ ధ్రువపత్రం, చివరికి పరిశోధనా వ్యాసంలో పేరు ఉండాలా వద్దా అనే నిర్ణయం కూడా ఉన్నప్పుడు ఎంతమంది అమ్మాయిలు నోరు విప్పగలరు?

ఇక్కడ ప్రొఫెసర్లనే దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. గ్రాంటు రెండో విడత రాకపోతే జేబులోంచి జీతం సర్దుతున్న ఆచార్యులు ఉన్నారు. పాఠాలు, పీహెచ్‌డీ పిల్లలు, కొనుగోలు కొటేషన్లు, ఆడిట్ అభ్యంతరాల నడుమ సిబ్బంది వ్యవహారం కూడా ఆయనే చూసుకోవాలనడం వర్సిటీ తప్పించుకునే మార్గం తప్ప మరొకటి కాదు. గ్రాంటులో ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణ ఖర్చు) పేరిట వర్సిటీ వాటా తీసుకుంటోంది. న్యాక్ నివేదికలో ప్రాజెక్టుల విలువ తన ఘనతగా రాసుకుంటోంది. సిబ్బంది దగ్గరికి వచ్చేసరికి ‘అది పీఐ గారి ప్రాజెక్టు’ అంటోంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ ఈ మాట వర్తిస్తుంది.

కనుక ఓవర్‌హెడ్‌లో కొంత భాగాన్ని వేతన నిధిగా పక్కన పెట్టాలి. గ్రాంటు వచ్చినా రాకపోయినా నెల మొదటి వారంలో జీతం అందులోంచి వేసి, డబ్బు విడుదలయ్యాక నిధికి జమ చేసుకోవచ్చు. నిధి వర్సిటీ సొంత ఖాతాలో ఉంటుంది కాబట్టి ఖజానా విధానం దీనికి అడ్డురాదు. గ్రాంటు ఇవ్వాల్సిన సంస్థ చివరికి ఎగ్గొడితే ఎలా అంటారా? ఆ నష్టభయం కోట్ల బడ్జెట్ ఉన్న సంస్థ మోయాలా, పాతిక వేల జీతగాడు మోయాలా? నియామక పత్రం ప్రాజెక్టు కాలం మొత్తానికీ ఇవ్వాలి. మధ్యలో పనితీరు సమీక్ష పెట్టుకోవచ్చు, తొలగించాలంటే కారణం రాసి నెల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు సోమవారం పెట్టి గురువారం ఇంటర్వ్యూ జరిపే అలవాటు మానాలి. కనీసం పదిహేను రోజుల గడువు, కమిటీలో బయటి సభ్యుడు, వచ్చిన మార్కులు వెబ్‌సైట్‌లో ఉంటే ‘ముందే మనిషిని అనుకున్నారు’ అన్న మాట చాలావరకు తగ్గుతుంది.

పరిశోధన విభాగం డీన్ కార్యాలయంలో ఒక అధికారికి ఈ సిబ్బంది బాధ్యత అప్పగించడానికి కొత్త పోస్టు మంజూరు అక్కర్లేదు. వచ్చే మార్చి 31తో కాలం ముగిసేవారి జాబితా ఆ అధికారి ఇప్పుడే తయారుచేసి, పొడిగించేదీ లేనిదీ జనవరి నెలాఖరుకల్లా వారి చేతికి రాతపూర్వకంగా ఇవ్వాలి.