గోడకు అతికించిన ఇటుక

హైదరాబాద్‌లో ఈమధ్య వస్తున్న కేఫ్‌లలో, ఆఫీసుల్లో ఎర్ర ఇటుక గోడ ఒకటి తరచూ కనిపిస్తోంది. దగ్గరికెళ్లి అంచు చూస్తే చాలాసార్లు గుట్టు తెలిసిపోతుంది. అది ఒకటి రెండు సెంటీమీటర్ల మందం టైలు, గమ్ముతో అతికించింది. వెనకాల గోడ ఏఏసీ బ్లాకుది, అంటే గాలి బుడగలతో చేసే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలది. పై పటారం, లోన లొటారం అంటారు చూడండి, ఏఏసీ బ్లాకు నిండా గాలి బుడగలే కాబట్టి ఇక్కడ ఆ సామెత అక్షరాలా నిజం.

మనకు ఇటుక కొత్తేం కాదు. 1213 నాటి రామప్ప గుడి గోపురాన్ని నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. కానీ దక్కనులో రాయి పుష్కలం, ఘనమైన కట్టడమంటే రాయే. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ అలాంటిదే. ఇటుకను బయటికి చూపించి మెప్పించిన భవనం కావాలంటే 1892లో పూర్తయిన మద్రాసు హైకోర్టు దాకా వెళ్లాలి. మన ఇళ్లలో ఇటుక ఎప్పుడూ ప్లాస్టరింగ్ చాటునే ఉండిపోయింది.

దానికి కారణం ఉంది. బట్టీ ఇటుక ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. అంచులు విరిగి ఉంటాయి, నీళ్లు పీలుస్తుంది. బయటికి కనబడే గోడకు వైర్ కట్ ఇటుక నయం. మట్టిని మిషన్ ఒత్తి తోస్తుంటే తీగ కోసేస్తుంది కాబట్టి అంచులు తిన్నగా వస్తాయి, ధర కూడా ఎక్కువే. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుక గట్టిదే, కానీ ఆ బూడిద రంగును ఎవరూ చూపించుకోరు. మట్టిలోని ఇనుము కాలితే వచ్చే ఎరుపు దానికి లేదు. బట్టీలో మరీ కాలి నల్లబడ్డ ఇటుకలను మనవాళ్లు పునాదుల్లో పారేస్తారు. ఎర్ర వరసల మధ్య అక్కడక్కడా వాటినే పెడితే ఎంత బాగుంటాయో!

అసలు ఇటుకకు అందం పేర్పులోనే వస్తుంది. ఒకే వరసలో పొడుగు ముఖం, పొట్టి ముఖం మార్చి మార్చి పెడితే ఫ్లెమిష్ బాండ్. ఇటుకను అంచు మీద నిలబెట్టి లోపల ఖాళీ వదిలితే ర్యాట్ ట్రాప్ బాండ్. దీంతో ఇటుకలు పావు వంతు దాకా మిగులుతాయి, ఆ ఖాళీ వల్ల గోడ వేడిని కొంత ఆపుతుంది. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో ఈ పద్ధతిలోనే చవగ్గా ఇళ్లు కట్టి చూపించారు. తిరువనంతపురం తంపానూరులో ఆయన కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ గుండ్రటి గోడ నిండా చిన్న చిన్న కంతలే. గాలీ వెలుతురూ వాటిలోంచే వస్తాయి. అక్కడ అలంకారానికి విడిగా పైసా ఖర్చు లేదు.

అలాగని ఇటుకను తెరిచి ఉంచితే చాలదు. అహ్మదాబాద్ ఐఐఎంలో అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టిన పెద్ద పెద్ద ఇటుక తోరణాలను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. అదే ప్రాంగణంలో హాస్టళ్లు పాడయ్యాయని, చాలావాటిని కూల్చేస్తామని 2020 చివర్లో సంస్థ ప్రకటించింది. గొడవ కావడంతో వెనక్కి తగ్గింది, 2022లో మళ్లీ కట్టక తప్పదంది. తడి, చౌడు, లోపలి ఇనుము తుప్పు పట్టడం, వీటిని పట్టించుకోకపోతే ఎంత గొప్ప గోడైనా రాలిపోతుంది. టైలు అతికించేవాళ్లు చెప్పే సాకుల్లో ఈ ఒక్కటే నిలబడేది.

నా లెక్కలో అసలు చిక్కు కూలీ దగ్గరుంది. మేస్త్రీ తప్పుల్ని ప్లాస్టర్ కప్పేస్తుంది. అది లేకపోతే ప్రతి సందూ సమంగా రావాలి, ఆ సందుల్ని పూడ్చే పాయింటింగ్ నీటుగా ఉండాలి, పని నిదానంగా సాగాలి. ఇన్ని అడుగుల గోడకు ఇంత అని ఒప్పందం కుదుర్చుకున్న మేస్త్రీ నిదానంగా ఎందుకు కడతాడు? ఇల్లంతా అక్కర్లేదు, ఎండ దంచే పడమటి వైపు మెట్లగది గోడ ఒక్కదాన్ని రోజు కూలీ లెక్కన, కంతల గోడగా కట్టించి చూడొచ్చు. ప్లాస్టరింగ్, పెయింట్ ఖర్చు మిగులుతుంది కాబట్టి ఆ డబ్బు మేస్త్రీకి ఇవ్వచ్చు.