ప్రీపెయిడ్ కార్డుతో స్కోరు పెరగదు, పెరగకపోవడమే మంచిది

ప్రీపెయిడ్ కార్డు గీకుతూ పోతే క్రెడిట్ స్కోరు దానంతట అదే పెరుగుతుందని చెప్పేవాళ్లు ఈ మధ్య ఎక్కువైపోయారు. యాప్‌ల ప్రకటనలు అదే చెబుతున్నాయి, వీడియోలు చేసేవాళ్లు అదే చెబుతున్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఒకరికొకరు అదే చెప్పుకుంటున్నారు. మా బంధువుల అబ్బాయి ఒకడు నెలల తరబడి ఖర్చులన్నీ ప్రీపెయిడ్ కార్డు మీదే నడిపి, "ఇంకా స్కోరు రాలేదేంటి బాబాయ్" అని నన్నడిగాడు. వాడి తప్పేమీ లేదు. కార్డు మీద నెట్‌వర్క్ లోగో ఉంది, పదహారు అంకెలున్నాయి, చూడ్డానికి అచ్చం క్రెడిట్ కార్డులాగే ఉంది. అమ్మినవాడు కూడా అలా అనుకోవాలనే అమ్మాడు.

అసలు సంగతి చాలా చిన్నది. ప్రీపెయిడ్ కార్డులో ముందు మీరు డబ్బు వేస్తారు, తర్వాత ఆ డబ్బే ఖర్చు పెడతారు. మీకు ఎవరూ అప్పివ్వలేదు, మీరు ఎవరికీ తిరిగి కట్టేది లేదు. మరి అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టి స్కోరు వేసే సంస్థ, అంటే క్రెడిట్ బ్యూరో, ఏం రాసుకుంటుంది? అమెరికాలో 1989 నుంచి వాడుతున్న ఫైకో స్కోరు లెక్క చూడండి. సుమారు 35 శాతం బాకీలు టైముకి కట్టారా లేదా అన్నదానికి, 30 శాతం ఎంత బాకీ ఉన్నారు, ఇచ్చిన లిమిట్‌లో ఎంత వాడేశారు అన్నదానికి, 15 శాతం ఖాతాల వయసుకి. మిగిలిన 20లో సగం కొత్తగా తీసుకున్న అప్పులకి, సగం రకరకాల అప్పులు నడిపిన అనుభవానికి. ఐదూ అప్పు చుట్టూ తిరిగేవే. జీతం ఎంతో అందులో లేదు, బ్యాంకులో ఎంత దాచుకున్నారో లేదు. ఖాతాలో కోటి రూపాయలున్నా, జన్మలో ఒక్క అప్పూ తీసుకోని మనిషికి భారత్‌లో సిబిల్ అనే బ్యూరో ఇచ్చే రిపోర్టులో 300కీ 900కీ మధ్య అంకె ఏదీ రాదు, చరిత్ర లేదని మైనస్ 1 చూపిస్తుంది. నిక్షేపంలాంటి మనిషికి మైనస్ ఏంటని కోపం రావచ్చు, నాకూ వచ్చింది. కానీ ఆ లెక్క కొలిచేది మంచితనాన్ని కాదు, అప్పు తీర్చే అలవాటుని. డెబిట్ కార్డు గతీ ఇదే.

అయినా "క్రెడిట్ బిల్డర్ ప్రీపెయిడ్" అని పేరు పెట్టి అమ్మేవి ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో వాటిలో క్రెడిట్ అంతే. బ్రిటన్‌లో వీటిని ఎలా నడిపారో చూస్తే ఆ తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ కార్డుకి నెలనెలా ఒక ఫీజు ఉంటుంది. ఏడాది ఫీజు మొత్తాన్ని కంపెనీ మీకు అప్పుగా ఇచ్చినట్టు కాగితం రాస్తుంది. మీ చేతికి ఒక్క పైసా రాదు, ఆ అప్పు నేరుగా ఫీజు కిందకి జమైపోతుంది. మీరు నెలనెలా కట్టే ఫీజు ఆ అప్పుకి వాయిదా అవుతుంది. బ్యూరోకి వెళ్లేది ఆ వాయిదాల చరిత్ర. అంటే కార్డు మీద మీరు ఎంత ఖర్చు పెట్టినా, ఎంత జాగ్రత్తగా వాడినా, అసలు వాడకుండా బీరువాలో పడేసినా రిపోర్టులో తేడా ఉండదు. అక్కడ కనిపించేది కార్డు కాదు, మీ ఫీజు. ఫీజు కట్టడానికి అప్పు తీసుకుని, ఆ అప్పు తీర్చినందుకు మంచి పేరు తెచ్చుకోవడం! ఇంతకంటే విచిత్రమైన బేరం నేను వినలేదు.

విచిత్రంతో అయిపోతే ఫర్వాలేదు. ఇందులో ఒక ముల్లు కూడా ఉంది. మామూలు ప్రీపెయిడ్ కార్డు నచ్చకపోతే పక్కన పడేస్తే సరిపోతుంది, మహా అయితే అందులో మిగిలిన చిల్లర ఫీజుల కింద కరిగిపోతుంది. ఈ రకం కార్డుని అలా వదిలేస్తే అప్పు వాయిదా ఎగ్గొట్టినట్టే. అదే పనిగా ఎగ్గొడితే డిఫాల్ట్, అంటే బాకీ ఎగ్గొట్టిన మనిషి అని రాస్తారు, బ్రిటన్‌లో అలాంటి డిఫాల్ట్ ఆరేళ్లు రిపోర్టులో కూర్చుంటుంది. స్కోరు కట్టుకోవడానికి కొన్న కార్డే ఉన్న కాస్త పేరునీ చెడగొడుతుంది. అన్నీ సవ్యంగా జరిగినా దక్కేది ఏడాదికి ముగిసిపోయే ఒక బుల్లి అప్పు ఖాతా. ఇల్లు కొనడానికి వెళ్లినప్పుడు దాన్ని చూసి బ్యాంకువాళ్లు ఎదురొచ్చి కుర్చీ వేస్తారని నేననుకోను.

మంచి ఉద్దేశంతో ప్రయత్నించినవాళ్లూ లేకపోలేదు. అమెరికాలో టీవీలో డబ్బు సలహాలు చెప్పే సూజ్ ఆర్మన్ 2012 జనవరిలో సొంతంగా ఒక ప్రీపెయిడ్ కార్డు తెచ్చారు. కార్డు వాడకం వివరాలు ట్రాన్స్‌యూనియన్ అనే బ్యూరోకి వెళ్తాయని, డబ్బు పొదుపుగా వాడేవాళ్లకి ఏదో ఒక రోజు అది స్కోరులో పనికొస్తుందేమోనని ఆశ. బ్యూరో ఆ వివరాలు పరిశీలనకి తీసుకుంది తప్ప స్కోరులో కలపలేదు. 2014లో కార్డు మూతపడింది. అంత పేరున్న మనిషి, బ్యూరోని ఒప్పించుకుని మరీ చేసినా కాని పని, ఊరూ పేరూ లేని యాప్ వల్ల అవుతుందంటే ఎలా నమ్మడం?

దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ భారత్‌లో జరిగింది. చేతిలో ఉన్నది ప్రీపెయిడ్ కార్డే, కానీ అందులో పడే డబ్బు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. గీకిన ప్రతిసారీ అప్పు పుడుతుంది. చాలామంది ఆ సంగతి పట్టించుకోకుండా చిన్నాచితకా కొనుగోళ్లకి వాడారు, తర్వాత రిపోర్టు తీసి చూస్తే తాము ఎప్పుడూ అడిగినట్టు గుర్తులేని లోన్లు అందులో కనిపించాయి. 2022 జూన్ 20న రిజర్వ్ బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చి, బ్యాంకులు కాని సంస్థలు ఇచ్చే ప్రీపెయిడ్ కార్డుల్లో, వాలెట్లలో అప్పు లైను (ఇంతవరకు వాడుకోవచ్చని ముందే ఒప్పుకున్న అప్పు) నుంచి డబ్బు నింపడానికి వీల్లేదని చెప్పింది. అప్పట్లో ఆ కంపెనీలన్నీ గగ్గోలు పెట్టాయి. నన్నడిగితే ఆ మధ్యకాలంలో వచ్చిన మంచి ఉత్తర్వుల్లో అదొకటి. సొంత డబ్బు పెట్టె వేరు, అప్పు పెట్టె వేరు అని జనానికి తెలిసి ఉండాలి.

ఇంకో రకం ఉంది, దాన్ని ఈ గాటన కట్టకూడదు. ముందు కొంత డబ్బు డిపాజిట్ చేస్తారు, దాని మీద లిమిట్ ఇస్తారు. దీన్ని సెక్యూర్డ్ కార్డు అంటారు, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు కూడా ఇదే. ముందే డబ్బు పెట్టాలి కాబట్టి చాలామంది దీన్నీ ప్రీపెయిడే అనుకుంటారు. కాదు. ఇక్కడ మీ డిపాజిట్ కదలకుండా హామీగా ఉంటుంది, మీరు వాడేది బ్యాంకు డబ్బు, నెలాఖరుకి బిల్లు వస్తుంది, డ్యూ డేట్ ఉంటుంది. బ్యూరోకి అది క్రెడిట్ కార్డుగానే వెళ్తుంది. స్కోరు కావాలంటే ఇది నిజంగా పనిచేస్తుంది. చిన్న ఖర్చొకటి దాని మీద పెట్టుకుని, బిల్లు రాగానే మొత్తం కట్టేయాలి. కొంత బాకీ మిగిల్చి వడ్డీ కడితేనే స్కోరు పెరుగుతుందనే మాట ఒకటి ఊరంతా తిరుగుతోంది, అది శుద్ధ అబద్ధం. ఆ వడ్డీతో లాభపడేది బ్యాంకు ఒక్కటే.

ఇక అసలు పేచీకి వస్తాను. "ప్రీపెయిడ్ వాడకాన్ని కూడా స్కోరులో కలిపితే పేదవాళ్లకి న్యాయం జరుగుతుంది కదా" అని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కలపాలంటే బ్యూరోకి ఏం పంపాలి? టైముకి కట్టారా అని పంపడానికి అక్కడ బాకీయే లేదు. కాబట్టి ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎన్నిసార్లు డబ్బు వేశారు అన్నవి పంపాలి. అంటే మీ మందుల షాపు ఖర్చు, మీ అర్ధరాత్రి షాపింగు, నెలాఖరున మీ చేతులెత్తేసే రోజులు, అన్నీ అప్పిచ్చేవాడి ముందు పరిచినట్టే. ప్రీపెయిడ్ కార్డు ఎవరు వాడతారు? ఒకప్పుడు క్రెడిట్ కార్డుతో కాల్చుకున్నవాళ్లు, పిల్లల చేతికి లెక్కగా డబ్బివ్వాలనుకునేవాళ్లు, అసలు ఖాతా నంబరు ఆన్‌లైన్‌లో పెట్టడం ఇష్టం లేనివాళ్లు. వాళ్లకి అది ఎవరూ మార్కులు వేయని చోటు. ఆ ఒక్క చోటునైనా వదిలేయండి మహాప్రభో.

అప్పు లేనివాళ్లకి గుర్తింపు కావాలంటే అద్దె, కరెంటు బిల్లు, ఫోను బిల్లు లెక్కలోకి తీసుకోండి. అవి ముందు వాడుకుని తర్వాత కట్టేవి లేదా తేదీకి కడతానని మాటిచ్చినవి, బాకీకి దగ్గరగా ఉంటాయి. అమెరికాలో ఎక్స్‌పీరియన్ అనే బ్యూరో 2019 నుంచి, అడిగినవాళ్లకి ఫోను, కరెంటు బిల్లుల చెల్లింపులు రిపోర్టులో చేరుస్తోంది. అందులోనూ లోపాలున్నాయి. అప్పిచ్చేవాళ్లంతా ఆ బిల్లులు కలిపిన స్కోరునే చూడరు. కానీ ఆలోచన సరైన దారిలో ఉంది.

నాకు ఒళ్లు మండేది దేనికంటే, ఈ బిల్డర్ కార్డులు అమ్మేది ఎవరికో చూస్తే. కొత్త దేశంలో దిగిన విద్యార్థికి, ఒకసారి ఈఎంఐలు తప్పి ఏ బ్యాంకూ గడప తొక్కనివ్వని మనిషికి. వాళ్ల దగ్గర నెలవారీ ఫీజు, కొన్నిచోట్ల డబ్బు వేసినందుకు ఫీజు, తీసినందుకు ఫీజు, వాడకుండా ఉంచినందుకూ ఫీజు. పాత బాకీతో స్కోరు పాడైనవాళ్లకి ఆ ఫీజుల డబ్బు బాకీ మీద కట్టుకున్నా ఎంతో కొంత తరుగుతుంది.

ఇప్పటికే అలాంటి కార్డు తీసుకుని ఉంటే కస్టమర్ కేర్‌కి మెయిల్ రాయండి. ఈ ఖాతాని ఏ బ్యూరోకి, ఏ రకం అప్పుగా పంపుతున్నారు, ఫీజు ఒక నెల తప్పితే ఏం పంపుతారు అని అడగండి. ఫోన్లో వద్దు, జవాబు రాతలో ఉండాలి. రెండు మూడు నెలలయ్యాక మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి. అమెరికా, బ్రిటన్, భారత్ మూడింటిలోనూ ఉచితంగానే చూసుకోవచ్చు. అందులో ఆ ఖాతా కనిపించకపోతే కార్డు మానేయండి. కనిపిస్తే మాత్రం కోపం కొద్దీ ఫీజు ఆపేయకండి, వెనక అప్పు కాగితం ఉంటుంది. మిగిలిన వాయిదాలు కట్టేసి, ఖాతా మూసినట్టు ఉత్తరం చేతికొచ్చాకే కార్డు కత్తిరించండి.