నెపం ఘాట్ రోడ్డుది, తప్పు ఆయిల్‌ది

సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, జయపురం వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఆటోమేటిక్ కార్లు బాగానే కనిపిస్తున్నాయి. పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ విశాఖ, విజయనగరం వచ్చిపోయే ఒడిశా తెలుగువాళ్లు క్లచ్ బాధ ఉండదని వీటిని కొంటున్నారు. కొన్నేళ్లకే గేర్‌బాక్స్ పోతే మాత్రం అందరిదీ ఒకటే మాట: "ఘాట్ రోడ్డు తినేసింది." నేనిది ఒప్పుకోను.

ఘాట్‌లో వేడి పుడుతుంది, నిజమే. ముందు లోడు లారీ పది, పదిహేను కిలోమీటర్ల వేగంతో పాకుతుంటే వెనక మన బండీ అలాగే పాకాలి. ఆ వేగంలో, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ చాలావరకు లాక్ అవదు, అంటే ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపి బిగించదు. ఇంజిన్ బలంలో కొంత గేర్‌బాక్స్ ఆయిల్‌ని చిలకడానికే ఖర్చయి వేడిగా మారుతుంది. చల్లబరచడానికి గాలీ సరిగా తగలదు. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల దగ్గర ఉండే ఆయిల్ 120 దాటిందంటే త్వరగా చెడిపోతుంది. ప్రతి 10 డిగ్రీలకూ ఆ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్ల లెక్క. చెడిన ఆయిల్ జిగురుగా మారి వాల్వులకు పడుతుంది, ప్రెషర్ పడిపోతుంది, గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు జారతాయి. జారినకొద్దీ ఇంకా వేడి.

అయితే ఆ వేడిని తట్టుకోవలసింది ఆయిలే. మనం నిర్లక్ష్యం చేసేదీ దాన్నే. "ఎర్ర ఆయిల్ ఏదైనా ఒకటే" అనే మాట చాలా షెడ్లలో వినిపిస్తుంది. ఆ ఎరుపు కలిపిన రంగు మాత్రమే, గ్రేడును చెప్పదు. ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, గ్రేడుల్లో డెక్స్రాన్ 6 పాత డెక్స్రాన్ 3 కన్నా పల్చన. విడివిడి గేర్లు లేని సీవీటీ గేర్‌బాక్స్‌లో స్టీలు బెల్టు పుల్లీలను పట్టుకుని నడుస్తుంది. అందులో మామూలు ఏటీఎఫ్ పోస్తే పట్టు జారి పుల్లీలకు గీతలు పడతాయి. ఏఎంటీ అనే మరో రకానికి అసలు టార్క్ కన్వర్టరే లేదు. అది క్లచ్‌నీ గేర్లనూ తామే కదిపే యాక్చుయేటర్లు తగిలించిన మాన్యువల్ గేర్‌బాక్స్, దాని ఆయిల్ వేరు.

రెండో పొరపాటు "లైఫ్‌టైమ్ ఆయిల్", అంటే బండి ఉన్నన్నాళ్లూ మార్చక్కర్లేదు, అన్న మాటను నమ్మడం. ఎన్నో కార్ల కంపెనీలకు గేర్‌బాక్సులు చేసిచ్చే జర్మన్ సంస్థ జడ్ఎఫ్ తన ఆటోమేటిక్‌లకు 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటోంది. బండితో ఇచ్చే పుస్తకాలు చాలావరకు కొండదారులనూ తీవ్ర ఎండలనూ కఠిన వాడకం కింద లెక్కగట్టి, ఇంకా ముందే మార్చమంటాయి. కోరాపుట్, రాయగడ బండ్లకు ఆ లెక్కే వర్తించాలి. ఇక్కడి షోరూమ్‌లు మైదానం బండ్ల షెడ్యూలే చేతికిచ్చి పంపడం అన్యాయం.

అనుమానముంటే ఒక చుక్క తెల్ల టిష్యూ మీద వేయించి చూడండి. మంచిది పారదర్శకంగా ఉంటుంది. మాడినది ముదురు గోధుమ రంగులో, కాలిన వాసనతో, నల్ల నలుసులతో కనిపిస్తుంది. గులాబీ పాలలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిసినట్టే, బండిని ఇక నడపకూడదు.

ఘాట్‌లో వేడి హెచ్చరిక వెలిగితే సురక్షితమైన చోట ఆపి, ఇంజిన్ ఆడుతుండగానే పార్క్‌లో ఉంచండి. గేర్‌బాక్స్ ఆయిల్ దాని కూలర్ గుండా ప్రవహించి చల్లబడుతుంది. సర్వీస్ బిల్లులో ఉత్త "గేర్ ఆయిల్" అని రాస్తే ఊరుకోకండి. ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పోశారో రాయించండి. వారంటీ గొడవ వస్తే చూపించడానికి మీ చేతిలో ఉండే కాగితం అదే.