వలందపాలెం నుంచి భట్టిప్రోలు దాకా

బందరులో ఆటో ఎక్కి వలందపాలెం అంటే ఎవరైనా తీసుకెళతారు. పరాసుపేట అన్నా, ఇంగ్లీషుపాలెం అన్నా అంతే. వలందులంటే డచ్చివాళ్లనీ, పరాసులంటే ఫ్రెంచివాళ్లనీ ఇప్పుడు ఎంతమందికి తెలుసో గానీ, పేర్లు మాత్రం జనం నోళ్లలో నిలిచిపోయాయి. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి ఇక్కడ కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టేనాటికే డచ్చివాళ్లు దుకాణం తెరిచి కూర్చున్నారు. మద్రాసు అప్పటికింకా పుట్టలేదు. మన అద్దకం బట్టల కోసం అంత పోటీ.

ఆ ఊళ్లోనే ఇప్పుడు కొత్త పోర్టు పనులు సాగుతున్నాయి. సంతోషం. పోర్టు వస్తే పైఊళ్ల మనుషులూ వస్తారు. వాళ్లకు మనం ఏం చూపిస్తాం? మంగినపూడి బీచ్ చూపించి, చేతిలో బందరు లడ్డు పెట్టి పంపించేస్తామా? రాతి పలకల మీద వంశచిహ్నాలు చెక్కిన డచ్చి సమాధులు ఊళ్లోనే ఉన్నాయి. కోటలో మిగిలిన పాత కట్టడాలున్నాయి. 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. ఆ దెబ్బ నుంచి పాత రేవు మళ్లీ తేరుకోలేదు. కొత్త పోర్టు కడుతున్నవాళ్లు ముందుగా చదవాల్సిన పాఠం అదే.

బందరుకు దగ్గర్లోనే ఘంటసాల ఉంది. ఆ పేరు వింటే మనకు గాయకుడే గుర్తొస్తాడు, తప్పు లేదు. కానీ రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ తన భూగోళ గ్రంథంలో రాసిన ‘కంటకోస్సిల’ అనే వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడి శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియానికి చేరాయి. డచ్చివాడి కంటే పద్నాలుగు, పదిహేను వందల ఏళ్ల ముందే ఈ తీరం నుంచి సరుకు సముద్రం దాటిందన్నమాట. వర్తకుల దానాలతోనే బౌద్ధ స్తూపాలు లేచాయి. సమాధీ స్తూపమూ ఒకే కథలోని రెండు అధ్యాయాలైతే, మన పర్యాటక ప్రణాళికల్లో మాత్రం బౌద్ధ సర్క్యూట్ ఒక ఫైలు, బీచ్ టూరిజం ఇంకో ఫైలు. డచ్చి సమాధులకు అసలు ఫైలుందో లేదో!

ఉత్తరాంధ్రలోనూ ఇంతే. భీమిలిలో డచ్చి సమాధులు చూసినవాళ్లు, విశాఖ వెళ్లే దారిలోనే ఉన్న బౌద్ధ క్షేత్రం తొట్లకొండ ఎక్కకుండా వెళ్లిపోతారు. అక్కడి మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కూలితేనే పేపర్లలోకి ఎక్కింది. వంశధార ఒడ్డున ఉన్న మరో బౌద్ధ క్షేత్రం శాలిహుండం సంగతి లోకానికి చెప్పింది వాడుకభాష గిడుగు రామమూర్తి గారే, 1919లో. ఆయన పేరు చెప్పుకుని భాషా దినోత్సవం చేసుకునే మనం, ఆయన కనిపెట్టిన కొండకు పిల్లల్ని ఎన్నిసార్లు తీసుకెళ్లాం?

స్థానికుల్ని తప్పుపట్టడం తేలిక. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు, ఆపై మరో 200 మీటర్లు అనుమతి కావాలి. నియమం అవసరమే, కాదనం. కానీ పక్కింటివాడికి స్తూపం పరిచయమయ్యేది ఇంటి ప్లాన్ ఆగినప్పుడే. పాడుచేస్తే శిక్ష అని చెప్పే బోర్డు ఉంటుంది. ఇది ఏమిటో, ఎవరు కట్టారో, మీ ఊరికి ఏమవుతుందో తెలుగులో నాలుగు ముక్కలు చెప్పే బోర్డూ ఉండాలి కదా. ఆ ఊరి డిగ్రీ కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెడితే స్తూపం మీద వాళ్లకూ ఒక హక్కు పుడుతుంది. మరుగుదొడ్డి, తాగునీరు, వేళకు తెరిచే గేటు కూడా కావాలి. గాజు వంతెనలు, లేజర్ షోలు తర్వాత సంగతి.

కృష్ణా తీరానికి సంబంధించి మేము అడిగేది ఒకటే. బందరు సమాధులు, ఘంటసాల, ఆపై పులిగడ్డ వంతెన దాటి రేపల్లె మీదుగా భట్టిప్రోలు. 1892లో అక్కడి స్తూపంలో దొరికిన ధాతుపేటికల (పవిత్ర అవశేషాలు దాచిన పెట్టెల) మీది రాతలు దక్షిణాది లిపుల చరిత్రలో తొలి పుటలు. ఈ మూడూ ఒక్కరోజులో చూసి రావచ్చు. కార్తీకంలో పంచారామాలకు బస్సులు నడిపే ఆర్టీసీకి ఇది చేతకాని పని కాదు. ఆదివారం పొద్దున్నే బందరు నుంచి ఒక్క బస్సు వేసి చూడమనండి. సీట్లు నిండకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.