కప్పకుండా మిగిలిపోయిన శాలువా

మన తెలుగు సంఘం ఉగాది పంచాంగ శ్రవణంలో పంతులుగారు "పరాభవ నామ సంవత్సరం" అనగానే హాల్లో అక్కడక్కడ నవ్వులు వినిపించాయి. పేరు చూసి భయపడక్కర్లేదని ఆయన సర్దిచెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముందు వరసలో ఎడమ నుంచి మూడో కుర్చీ ఖాళీగా ఉంది. వేదిక మీద పళ్ళెంలో పట్టు శాలువా, పూలదండ సిద్ధంగా ఉన్నాయి. పాత కమిటీ కొత్త కమిటీకి బాధ్యతలు అప్పగించే సమయం వచ్చింది. పెద్దాయన పేరు మైకులో రెండుసార్లు పిలిచారు. ఆయన రాలేదు. కొత్త అధ్యక్షురాలు ఒక్క క్షణం ఆగి, కోశాధికారి చేతుల మీదుగా ఫైలు అందుకుంది. మనలో సగంమంది అప్పటికే పులిహోర లైన్లో ఉన్నారు. మిగిలినవాళ్ళం ఫోన్లు చూసుకుంటున్నట్టు నటించాం.

ఎవరి సంగతి చెబుతున్నానో మీకు తెలుసు, పేర్లు రాయను. ఆ అమ్మాయి (అధ్యక్షురాలిని పట్టుకుని అమ్మాయి అంటున్నాను, క్షమించాలి) మొదటిసారి మన సంక్రాంతికి వచ్చినప్పుడు పార్కింగ్ లాట్‌లో టార్చిలైట్ పట్టుకుని కార్లకి దారి చూపించింది. ఆమెని అక్కణ్ణుంచి లోపలికి తీసుకొచ్చి మైకు ఇచ్చింది పెద్దాయనే. స్పాన్సర్లతో ఎలా మాట్లాడాలో, పిల్లల డాన్సు చివర్లో పడిందని అలిగిన తల్లులని ఎలా సముదాయించాలో నేర్పింది ఆయనే. మొన్న ఎన్నికల్లో ఆయన నిలబెట్టిన మనిషి మీద ఆమె గెలిచింది. "నా చేతుల్లో పెరిగి నా మీదకే వచ్చింది చూడవయ్యా" అన్నారు నాతో ఫోన్లో. నేను ఊఁ కొట్టాను. అప్పుడే ఏదో ఒకటి అని ఉండాల్సింది.

ఆ రాత్రి ఇంటికి డ్రైవ్ చేస్తుంటే నాకు ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్ గుర్తొచ్చింది. నవ్వకండి. జార్జియాలో 20 ఏళ్ళు ఉండి కూడా ఆ ఆటని శనివారం ట్రాఫిక్ జామ్‌గానే చూసినవాణ్ణి నేను. మా అమ్మాయి ఏథెన్స్‌లోని జార్జియా యూనివర్సిటీలో చేరాక ఇంట్లో ఎర్ర చొక్కాలు వచ్చాయి, నేనూ ఒకటి తొడగక తప్పలేదు. 2022 జనవరి 10 రాత్రి జాతీయ ఫైనల్. జార్జియా టైటిల్ గెలిచి అప్పటికి 41 ఏళ్ళు. ఎదుటి జట్టు అలబామా, దాని కోచ్ నిక్ సేబన్. మన కోచ్ కర్బీ స్మార్ట్ ఆ సేబన్ దగ్గర మూడు జట్లలో కలిపి 11 ఏళ్ళు పనిచేసినవాడని మా అమ్మాయి బేస్‌మెంట్లో కూర్చోబెట్టి చెప్పింది. అప్పటికి నాలుగుసార్లు గురువుతో తలపడితే నాలుగుసార్లూ శిష్యుడే ఓడాడట. ఆ రాత్రి 33-18తో గెలిచాడు. గంతులేస్తున్న స్మార్ట్‌ని చూసి నేను, "గురువుగారిని ఓడించి అంత సంబరమా?" అన్నాను. అది నావైపు వింతగా చూసింది. "ఎప్పటికీ ఓడించలేకపోతే ఆయన నేర్పిందేంటి నాన్నా?"

ఇక్కడివాళ్ళు దీన్ని కోచింగ్ ట్రీ అంటారు. కోచింగ్ అంటే మనకి ఎంసెట్ గుర్తొస్తుంది కానీ, ఇది మన శిష్య పరంపర లాంటిదే. బాలమురళీకృష్ణ గారి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయనకి మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయనకి త్యాగరాజు. వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పుకుంటాం. అరంగేట్రం కార్డు మీద పిల్ల పేరు కంటే గురువు పేరు పెద్దక్షరాల్లో వేయించేవాళ్ళం మనం. వీళ్ళూ అంతే. ఒక కోచ్ ఎన్ని ఆటలు గెలిచాడన్నది ఒక లెక్క, అతని దగ్గర పనిచేసినవాళ్ళలో ఎంతమంది హెడ్ కోచ్‌లయ్యారన్నది ఇంకో లెక్క.

ఈ రెండో లెక్కలో సేబన్ చెట్టు మర్రిచెట్టు. జింబో ఫిషర్, మారియో క్రిస్టోబల్, కాలిఫోర్నియాలో యూఎస్‌సీ అనే యూనివర్సిటీలో ఉద్యోగం పోయి అలబామాలో తలదాచుకుని మళ్ళీ నిలబడ్డ లేన్ కిఫిన్, స్టీవ్ సార్కీసియన్, అందరూ ఆ నీడ నుంచి వచ్చినవాళ్ళే. స్మార్ట్ దగ్గర పనిచేసి ఓరెగన్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళిన డాన్ లానింగ్ అయితే మనవడి వరస. అతని తొలి ఆటే మన అట్లాంటాలో స్మార్ట్ మీద పడింది. 49-3తో స్మార్టే గెలిచాడు. తొలి ఆట కదా అని గురువు పాయింట్లేమీ వదిలేయలేదు. నాకు బాగా నచ్చింది కర్ట్ సిగ్నెట్టి కథ. అతని తండ్రి వెస్ట్ వర్జీనియాలో హెడ్ కోచ్‌గా ఉన్నప్పుడు కుర్రాడైన సేబన్ ఆయన కింద పనిచేశాడు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ కొడుకు అలబామాలో సేబన్ కింద పనిచేశాడు. గురువు కొడుక్కి శిష్యుడే గురువయ్యాడన్నమాట. ఆ అలబామా కొలువు వదిలేసి సిగ్నెట్టి కింది శ్రేణి డివిజన్ టూలో ఒక చిన్న కాలేజీకి వెళ్ళాడు, హెడ్ కోచ్ అవ్వాలని. ఈ ఏడాది జనవరిలో ఇండియానాకి జాతీయ టైటిల్ తెచ్చింది అతనే. ఫైనల్లో ఎదుటివైపు మయామి కోచ్ ఎవరనుకున్నారు? క్రిస్టోబల్. సేబన్ రిటైరై రెండేళ్ళయినా ఫైనల్లో ఇద్దరూ ఆయన మనుషులే.

వీళ్ళు ఋషులని చెప్పబోవడం లేదు. సేబన్ మాజీ సహాయకుల మీద వరసగా 24 ఆటలు గెలిచాకే 2021 అక్టోబర్లో ఫిషర్ చేతిలో 41-38తో మొదటిసారి ఓడాడు. మరుసటి మేలో ఆ ఇద్దరూ మైకుల ముందు తిట్టుకున్న తీరు మన వాట్సాప్ గ్రూపుకి ఏమాత్రం తీసిపోదు. ఫిషర్ జట్టు ఆటగాళ్ళని డబ్బుతో కొనుక్కుందని సేబన్ అంటే, ఫిషర్ పాత గురువుని దులిపేశాడు. పేర్లు ఎత్తకుండా ఉండాల్సిందని తర్వాత సేబన్ ఒప్పుకున్నాడు. కిఫిన్‌ని ఫైనల్ వారం ఉందనగా పంపించేశారు కూడా. అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. చెట్టు తన గింజలనే చల్లుకుంటుంది. సిల్వెస్టర్ క్రూమ్ అని ఒక నల్లజాతి కోచ్, అలబామాలో పాత తరం పెద్ద కోచ్ బేర్ బ్రయంట్ కింద ఆడాడు, ఆయన కిందే కోచ్‌గా పనిచేశాడు. 2003లో అలబామా కొలువుకి క్రూమ్ పేరు పరిశీలించి మైక్ షూలాని తీసుకున్నారు. ఆ తర్వాత మిసిసిపీ స్టేట్ అతన్ని పిలిస్తేనే ఈ జట్లన్నీ ఆడే ఎస్‌ఈసీ లీగుకి మొదటి నల్లజాతి హెడ్ కోచ్ వచ్చాడు. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకే పదవులు ఇచ్చుకుంటే ఏమవుతుందో మన బోర్డు ఫోటోల్లో ఊళ్ళ పేర్లు చదివినా తెలుస్తుంది.

అయినా ఒక ఫోటో ఉంది, చూడండి. 1968 జనవరి 1, డల్లాస్, కాటన్ బౌల్. బ్రయంట్ అలబామా మీద టెక్సస్ ఏ అండ్ ఎం 20-16తో గెలిచింది. ఆ జట్టు కోచ్ జీన్ స్టాలింగ్స్, 32 ఏళ్ళవాడు. బ్రయంట్ దగ్గర ఆడాడు, బ్రయంట్ దగ్గరే అసిస్టెంట్‌గా పనిచేశాడు. ఆట అయిపోగానే 54 ఏళ్ళ బ్రయంట్ మైదానంలోకి నడిచి వెళ్ళి, తనని ఓడించిన శిష్యుణ్ణి రెండు చేతులతో ఎత్తుకున్నాడు. పెళ్ళిపందిట్లో మేనమామ ఎత్తుకున్నట్టు. ఆ రోజు ఓడినవాడు బ్రయంట్.

పెద్దాయనకి ఆ ఫోటో పంపిద్దామనుకున్నాను. పంపలేకపోయాను, ఎందుకంటే నా చరిత్ర నాకు గుర్తొచ్చింది.

మీలో చాలామందికి నేను ఫుడ్ కమిటీ మనిషిగానే తెలుసు. 11 ఏళ్ళు చేశాను. 600 మందికి చింతపండు ఎంత, ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎంత వేస్తే పిల్లలు ఉమ్మెయ్యరు, అన్నీ ఒక నీలం అట్ట నోటుబుక్కులో ఉండేవి. ఒక కుర్రాడు నా తర్వాత ఆ పని ఎత్తుకున్నాడు. "బాబాయ్, అన్నీ చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు. కొలతలన్నీ చెప్పాను. నోటుబుక్కు ఫోటోలు తీసుకోనిచ్చాను. ఒకటి చెప్పలేదు. మనం అద్దెకి తీసుకునే స్కూలు కెఫెటేరియాలో కిటికీ వైపు గోడకున్న ప్లగ్గులన్నీ ఒకే లైన్ మీద ఉన్నాయి. మూడు పెద్ద రైస్ కుక్కర్లు ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. నేను రెండు సంక్రాంతులు చీకట్లో తడుముకుని తెలుసుకున్న సంగతి అది. మర్చిపోయానని మా ఆవిడకి చెప్పాను. మర్చిపోలేదు. ఆ ఏడు సంక్రాంతికి పన్నెండున్నరకి కరెంటు పోయింది. కుర్రాడు చెమటలు కక్కుతూ పరిగెడుతున్నాడు. నేను రెండో వరసలో కూర్చుని, ఎవరైనా వచ్చి నన్ను పిలుస్తారేమోనని ఎదురుచూశాను. పిలిచారు. లేచి, చొక్కా సర్దుకుని, నెమ్మదిగా నడిచి వెళ్ళాను. ఆ నడకలో ఉన్న ఆనందం తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అందుకే పెద్దాయన మీద రాయి వేసే అర్హత నాకు లేదు. పైగా ఆయన సామాన్యుడు కాదు. హాలు అడ్వాన్సు సొంత క్రెడిట్ కార్డు మీద కట్టి ఆరు నెలలు ఎవర్నీ అడగని మనిషి. మన కుర్రాళ్ళు ఎవరైనా ఇక్కడ పోతే, కాన్సులేట్ కాగితాల నుంచి ఊళ్ళో తల్లిదండ్రులకి ఫోన్ చేసేదాకా అర్ధరాత్రి లేచి చూసింది ఆయన. ఇంటి నుంచి దూరంగా వచ్చినవాళ్ళకి ఇంటిపెద్ద కావాలి, ఆయన అయ్యారు. ఇంటిపెద్ద తాళంచెవులు మొలకి కట్టుకుంటాడు, అది మన అలవాటు. కానీ సంఘం ఈమెయిల్ లిస్టు పాస్‌వర్డ్ కూడా తాళంచెవే కదా అన్నగారూ, ఉగాది అయి ఇన్ని వారాలైనా అది ఇంకా మీ దగ్గరే ఉంది. కొత్త సంఘం, కొత్త లోగో అని మీ చుట్టూ ఉన్నవాళ్ళు పంపుతున్న మెసేజీలు నాకూ వస్తున్నాయి.

"శిష్యాదిచ్ఛేత్ పరాజయమ్" అని ఆ అమ్మాయికి మైకు ఇచ్చిన రోజు వేదిక మీద చదివింది మీరే. ఓటమిని శిష్యుల నుంచి కోరుకోవాలని అర్థం కూడా మీరే చెప్పారు, అందరం చప్పట్లు కొట్టాం. ఆమె మీకు ఎదురు తిరగలేదు. మీరు నేర్పినట్టే స్పాన్సర్లకి ముందు ఫోన్ చేసింది, మీరు నేర్పినట్టే ఇంటింటికీ వెళ్ళింది. ఓట్లు లెక్కపెట్టాక మొదట మీకే ఫోన్ చేసింది, మీరు ఎత్తలేదు. ఈసారి ఎత్తండి. పాస్‌వర్డ్ ఇవ్వండి. నేను కుర్రాడికి ఆ ప్లగ్గుల సంగతి చెప్పేశాను, బ్రేకర్ బాక్సు స్టోర్ రూమ్ తలుపు వెనకుందని కూడా. వాడు నవ్వి, "మూడేళ్ళ క్రితమే తెలిసింది బాబాయ్" అన్నాడు.

శాలువా మా ఇంట్లో ఉంది. వనభోజనాలకి తెస్తాను. ఆమె చేత్తో కప్పించుకుంటారో, నా చేత్తోనా, అది మీ ఇష్టం.