నవ్వించే పుస్తకాలు కొనొద్దన్న వాట్సాప్ జ్ఞానికి

ఈ వారంలో ఆ మెసేజ్ నాలుగోసారి వచ్చింది. మొదట టెన్త్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంటు గ్రూపులో రెండుసార్లు. నిన్న రాత్రి మా బావ నేరుగా నాకే పంపాడు, కింద రెండు దణ్ణాల బొమ్మలతో. "పుస్తకాల పండగకి వెళ్తున్నారా? హాస్యం జోలికి పోకండి" అని మొదలవుతుంది. తమ బతుకు గురించి తామే నవ్వుతూ రాసుకున్న కబుర్ల పుస్తకాలు కొనడం ఎందుకు దండగో ఐదు కారణాలు చెబుతుంది. రాసినాయన పేరు లేదు. ఉంటే ఇదంతా ఆయనకే పంపేవాణ్ణి.

"చదివితే జ్ఞానం రాదు." రాదు. పెసరట్టు తిన్నా రాదు. తర్వాత?

"ఇది ఇంగ్లీషువాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న సరుకు." అరువే. పానుగంటివారు అడిసన్, స్టీల్ అనే ఇంగ్లీషువాళ్ళ స్పెక్టేటర్ పత్రిక చూసే సాక్షి వ్యాసాలు మొదలుపెట్టారు, పేరు కూడా దాదాపు అదే. కానీ ఆ వ్యాసాల్లో జంఘాలశాస్త్రి లేచి ఉపన్యాసం అందుకుంటే అందులో లండన్ కాఫీ వాసన ఎక్కడైనా తగులుతుందా? నవలా, కథానికా దిగిన ఓడలోంచే ఇదీ దిగింది. వాటిని వదిలేసి దీన్నొక్కదాన్నే కస్టమ్స్‌లో ఆపుతారెందుకో.

"తన గురించి తాను రాసుకోవడం అహంకారం." ఇలాంటి పుస్తకం ఒక్కటీ తెరవని మనిషి మాటిది. అహంకారం ఉన్నవాడు తనకి శాలువా కప్పిన రోజు గురించి రాసుకుంటాడు. వీళ్ళు రాసేది ఆ శాలువా కాలికి అడ్డం పడి స్టేజీ మీద బోర్లాపడ్డ రోజు గురించి.

"ఆడవాళ్ళు రాస్తే అన్నీ వంటింటి జోకులే." భానుమతిగారు 1953లోనే చండీరాణి సినిమాని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. అంత పని చేసిన మనిషి అత్తగారి గురించి రాశారంటే అది ఆవిడ ఇష్టం. సోమరాజు సుశీలగారు కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, ఫ్యాక్టరీ నడిపి, ఆ తిప్పలన్నీ "చిన్న పరిశ్రమలు పెద్ద కథలు" అనే పుస్తకంగా రాశారు. అది ఎవరింటి వంటిల్లో? అసలు వంటింట్లో నవ్వు పుడితే తక్కువేంటి? మునిమాణిక్యంగారు కాంతం అనే ఇల్లాలి గురించి కథలు రాస్తే దాంపత్య హాస్యం, అదే పని ఆడవాళ్ళు చేస్తే వంటింటి జోకు!

ఇక ఐదోది. దీనికోసమే నిద్ర మానుకుని కూర్చున్నాను. "నవ్వించే రాతగాళ్ళకి కష్టం అంటే తెలీదు. కష్టంలో ఉన్నవాళ్ళకి ఇలాంటివి ఇవ్వకండి, ధైర్యం చెప్పే పుస్తకాలు ఇవ్వండి."

ఆరేళ్ళ కిందట నేను కట్టిన చిట్టీ మునిగింది. నాది పోతే పోయింది, నా మాట మీద చేరిన ముగ్గురి డబ్బూ పోయింది. ఫోను మోగితే సైలెంట్‌లో పెట్టి బాత్రూంలోకి వెళ్ళిపోయేవాణ్ణి. అప్పుడు అందరూ నాకు ధైర్యం చెప్పే పుస్తకాలే ఇచ్చారు. ఒకదాంట్లో మొదటి అధ్యాయమే "తెల్లవారుజామున నాలుగింటికి లేవండి". పడుకుంటే కదండీ లేవడానికి! మా పిన్ని మాత్రం తన బీరువాలోంచి ముళ్ళపూడి వెంకటరమణగారి ఆత్మకథ కోతికొమ్మచ్చి తెచ్చి మంచం మీద పడేసి, "చదివితే చదువు, లేకపోతే లేదు. అట్ట మాత్రం నలపకు" అనేసి వెళ్ళిపోయింది.

చిన్నప్పుడే తండ్రి పోయి, అమ్మతో మద్రాసు చేరిన పిల్లాడి లేమి ఉంది అందులో. రమణగారు దాన్ని తక్కువ చేసి చెప్పలేదు, మన జాలీ అడగలేదు. మాటని మెలిపెట్టి, మనం నవ్వుతుండగానే చెప్పాల్సింది చెప్పేసి పక్క కొమ్మకి దూకేస్తారు. ఆ దూకడం నాకు పనికొచ్చింది. కష్టాన్ని ఎఫ్ఐఆర్‌లా వరసగా చెప్పక్కర్లేదన్నమాట. అప్పటిదాకా మా ఆవిడకి పోయిన డబ్బులో సగమే చెప్పాను. ఆ వారం నాలుగింటి పుస్తకం సంగతితో మొదలెట్టి, నవ్విస్తూ నవ్విస్తూ మొత్తం అంకె చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు, అది వేరే విషయం. కానీ చెప్పాను. తర్వాత రమణగారిదే, అప్పులు చేసే అప్పారావు కథలున్న ఋణానందలహరి నేనే వెతికి కొనుక్కున్నాను. అప్పుల్లో ఉండి, అప్పు చేసి, అప్పారావు కోసం.

కష్టం తెలీనివాళ్ళట! ఈ మెసేజ్ టైప్ చేస్తున్నప్పుడు మీ ఏసీ ఎంతలో ఉందో కూడా చెప్పాల్సింది సార్. మీ మాట విని ఎవరైనా మా పిన్నిలాంటావిడ బీరువా మూసేస్తే, లోపల ఫోను సైలెంట్‌లో పెట్టుకుని కూర్చున్నవాడికి మీరొచ్చి తలుపు కొడతారా?

అన్నట్టు, మెసేజ్ చివర్లో చిన్న అక్షరాలతో ఒక ముక్క ఉంది: "యాభై పేజీలు దాటితే విసుగు." ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. వీటిలో చాలావరకు వారానికొకటి చొప్పున పత్రికకి రాసినవి. గుదిగుచ్చి ఒకే ఊపులో చదివితే మూడోదానికల్లా కిటుకు తెలిసిపోతుంది. ఒకసారి ఇలాంటి సంపుటాలు మూడు పట్టుకుని బెజవాడలో విశాఖ రైలెక్కాను. రాజమండ్రి దాటేసరికి ఆ రచయిత ఎదురు సీట్లో ఉంటే కొట్టేద్దునేమో. పెళ్ళాన్ని వెక్కిరించడమే పనిగా పెట్టుకున్న పాతవి కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటి మా అమ్మాయికి చదివి వినిపిస్తే "ఇందులో నవ్వెక్కడుంది నాన్నా?" అంది. మళ్ళీ చూశాను. లేదు. రోజుకొకటి, భోజనం అయ్యాక వక్కపొడిలాగా వేసుకోవాలి తప్ప అన్నంలా కలుపుకుని తినేవి కావివి.

బావా, ఆదివారం పుస్తకాల పండగకి నేనూ వస్తున్నాను. పిన్ని పుస్తకం అట్ట నలిగిపోయింది, కొత్తది కొనివ్వాలి.