రిజిస్ట్రేషన్ అయిపోతే బిల్డర్‌ను ఏమీ చేయలేమా?

కర్నూలు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "రిజిస్ట్రేషన్ అయ్యాక బిల్డర్‌ను ఏమీ చేయలేరు. బ్రోచర్ ఉత్త యాడ్, దానికి విలువ లేదు. రెరా హైదరాబాద్, విజయవాడలకే. కేసు వేయాలంటే ఫ్లాట్ల వాళ్లంతా కలవాలి, లాయర్‌కు లక్షలు పోయాలి, ఇరవై ఏళ్లు తిరగాలి. సర్దుకుపోండి." రాసిందెవరో గానీ, చదివి సంతోషించేది మాత్రం బిల్డరే.

ముందు బ్రోచర్ సంగతి. నంద్యాల రోడ్డులోనో కల్లూరులోనో సైట్ ఆఫీసుకు వెళితే చేతిలో పెట్టే ఆ నున్నటి కాగితం చూడండి. లిఫ్టుకు జనరేటర్, పిల్లలకు పార్కు, 24 గంటలూ నీళ్లు. అట్టడుగున కంటికి ఆనని అక్షరాల్లో "ఊహాచిత్రం మాత్రమే" అని ఒక ముక్క. ఆ ముక్క ఉంటే ఏం చెప్పినా చెల్లుతుందని చాలామంది నమ్మకం. ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు వచ్చిన 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అదే రెరా, దాని 12వ సెక్షన్ వేరేలా చెబుతోంది. ప్రకటననో, బ్రోచర్‌నో, మోడల్ ఫ్లాట్‌నో నమ్మి డబ్బు కట్టినవాళ్లు అందులోని తప్పుడు మాట వల్ల నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి. మాకొద్దు ఈ ఫ్లాట్ అంటే కట్టిందంతా వడ్డీతో సహా వెనక్కివ్వాలి. నోటిమాటను నిరూపించడమే కష్టం. కాబట్టి ఆ కాగితం పారేయకండి, సేల్స్ కుర్రాడి చాట్ డిలీట్ చేయకండి.

రిజిస్ట్రేషన్‌తో అంతా ముగిసిందనడం శుద్ధ అబద్ధం. తాళాలు తీసుకున్న నాటి నుంచి 5 ఏళ్లలోపు కట్టడంలోనో పని నాణ్యతలోనో లోపం బయటపడి మీరు చెబితే, 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాల్సింది బిల్డరే. అప్పగింత ఆలస్యమైతే, రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదని బెంగళూరు ఫ్లాట్ల కేసులో సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది.

రెరా మన రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లో అలాంటి బుల్లి అపార్ట్‌మెంట్లకు కొదవలేదు, మెసేజ్‌ను జనం నమ్మేది బహుశా ఇందుకే. అక్కడా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన డబ్బు 50 లక్షలలోపైతే కర్నూలులోని జిల్లా కమిషన్ చాలు. ఒక్కరే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు.

ఇరవై ఏళ్లన్నది బెదిరింపే గానీ, ఆలస్యం మాత్రం నిజం. పరిహారం దరఖాస్తును 60 రోజుల్లో తేల్చాలని రెరా చట్టంలో ఉన్నా, చట్టంలో ఉన్నంత చురుగ్గా పని నడవదు. ఆర్డర్ వచ్చాక డబ్బు వసూలు మరో తిరుగుడు.

అసలు భయపడాల్సిన విషయం ఆ మెసేజ్‌లో లేనే లేదు. వినియోగదారుల కమిషన్‌కు వివాదం పుట్టిన 2 ఏళ్లలోపు వెళ్లాలి. "దసరాకు చేసిస్తానన్నా, ఉగాదికి చేసిస్తానన్నా" అంటూ బిల్డర్ గడిపేసేది ఆ రెండేళ్లనే. గడువు దాటాక వెళితే సరైన కారణం చూపించాలి, దాన్ని ఒప్పుకోవడమా మానడమా అన్నది కమిషన్ ఇష్టం.